గుంటలు పూడ్చే మనిషి

రీగాలో ఆగస్టు చివర. బయట ఎండ కాస్తుంటే
లోపల ఉన్ని టోపీతో విస్వాల్దిస్,
చేతిలో నీలం బకెట్టు, నిండా తడిమంచు.

జూనియర్ల పోటీకి జనం రారు.
తల్లులు, కోచ్‌లు,
ఒళ్ళో దుప్పట్లు కప్పుకున్న జడ్జీలు,
వీడియో తీస్తూ ఎవరిదో ఒక ఫోను.

పిల్లలు ప్రాక్టీసు ముగించి వెళ్ళాక
అతను మోకాళ్ళ మీదికి దిగుతాడు.
పేర్లు నోరు తిరగవు, జెండాలు గుర్తుండవు.
గుంటలు మాత్రం చదువుతాడు.
ఇది పిట్ట పొడిచినంత, బరువు తెలియని పిల్ల.
ఇది మరీ లోతు,
భయపడి గట్టిగా పొడిచింది.

మూలన, లుట్జ్ లేచే చోట,
ఒక గుంటలో మూడు గుంటలు.
జార్జియా అమ్మాయి నుత్సా. పద్నాలుగేళ్ళు.
పొద్దున్నించీ అక్కడే ఎగురుతోంది,
నాలుగు బారల అవతల పడుతోంది.

పోటీలోనూ పడింది.
తుంటికంటిన పొడి దులుపుకోకుండా లేచి
సంగీతం వెంట పరిగెత్తింది,
బస్సు తప్పిపోతున్న మనిషిలా కాదు,
డ్రైవరు తెలిసిన మనిషిలా.

పంతొమ్మిదో స్థానం.
బెంచీ మీద కోచ్ టిష్యూ డబ్బా అందించాడు.
ఒకటి లాగి, అతనికే ఇచ్చింది.

విరామంలో విస్వాల్దిస్ ఆ మూలకి చేరేసరికి
గేటు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది,
బ్లేడ్లకి తొడుగులు.
వేలు చూపించింది: అది నాది.

బకెట్టు ముందుకు జరిపాడు.
గ్లవ్ తీసేసి గుప్పెడు తీసుకుంది,
కూరింది, అరచేత్తో రుద్దింది
వేళ్ళు ఎర్రబడేదాకా.

బొటనవేలితో నొక్కి చూసి
ఇంకొంచెం, అన్నాడు లాట్వియన్‌లో.
ఇంకొంచెం వేసింది.