స్టాకుల క్రియ లేదు

ఇరవై రెండేండ్లసంది రాణిగంజ్‌ల
పంపు సామాన్ల కౌంటర్ ఎనుక నిలబడుతున్న.
నాకు ఇంగ్లీషు రాదనెటోళ్లు
ఒక్కసారొచ్చి నా అరలు చూడాలె:
గ్యాస్కెట్, కప్లింగ్, ఫుట్‌వాల్వ్, ఇంపెల్లర్,
ఆరు సైజుల ఆయిల్ సీలు.
అన్నీ పేర్లే.
ఒక్క క్రియ లేదు స్టాకుల.

కోయంబత్తూరు నుంచి ఫోనొస్తే
పేర్లన్నీ వరుసగ పేర్చి
నడుమ నడుమ ‘యెస్ సార్’ తోని అతుకేసేటోణ్ణి.
పోయిన ఎండకాలం గట్లనే
నలభై పంపులు రాలేదని చెప్పబోతే
కావాలంటున్ననుకొని
ఇంకో నలభై పంపిండ్రు.

గప్పుడు చేరిన లాలాగూడల
డోరీన్ టీచర్ దగ్గర.
రైల్వే స్కూల్ల ముప్పై ఏండ్లు చెప్పి దిగిన మనిషి.
వారానికి మూడు సాయంత్రాలు, మేడ మీది అర్ర,
ఒక ఫ్యాను, ఏడుగురం.
గూడ్సు బండి పోతుంటె పాఠం ఆగుతది.
అది పోయేదాక అందరం
అంతకు ముందు చెప్పిన ముక్కనే నోట్లె నములుతం.

మొదటి నెల నేను రాసుడే రాసుడు.
బోర్డు మీదిది నోట్‌బుక్‌లకు, నోట్‌బుక్ సంచిలకు,
సంచి కొక్కేనికి.
మల్ల క్లాసు దాక అది అట్లనే వేలాడేది.
టీచర్ చూసి అన్నది:
“మిస్టర్ వీరేశం, మీరు గోడౌన్ నింపుతున్నారు.
అమ్మేది ఎప్పుడు?”

సరుకు కదలకుంటె తుప్పు పడ్తదని
నాకంటె ఎక్కువ ఎవరికెర్క?

ఆ రోజుసంది, నేర్చినది
ఇల్లు చేరక ముందే ఖర్చు గావాలె.
మెట్టుగూడ స్టాపుల బస్సు కోసం నిలబడి
తహ్మీనాతోని, బ్లడ్ బ్యాంకుల పని జేస్తది ఆ పిల్ల,
ఇయ్యాల్టి వాక్యం అయిదు తీర్ల చెప్పుడు.
ఆమె నా ‘డిడ్’ పక్కన నక్కిన ‘వెంట్’ను పట్టుకుంటది,
నేను ఆమె ‘ది’లు ఏడ పడిపోయినయో చూపిస్త.
పక్కనున్నోళ్లు మమ్ముల జూసి
ఏదో లెక్క తేలని పంచాయితి అనుకుంటరు.

తప్పులకు ఖాతా బుక్కు తెరిచిన.
ఎడమ దిక్కు నేనన్నది, కుడి దిక్కు అనవలసింది,
తారీఖు ఏసి.
ఉద్దెర వెట్టినోని పేరు లెక్క
రోజూ పొద్దుగాల సదువుత.
కొన్ని బాకీలు వారంల తీరినయ్.
‘ఆర్’ ఉండాల్సిన కాడ ‘ఈజ్’,
దానికి ఇంకా వడ్డీ నడుస్తున్నది.

కాని అసలు చిక్కు యాడుందో
ఒకనాడు దుకాణం మూస్తుంటె తెలిసింది.
మన మాటల క్రియ షట్టరసొంటిది:
సామాను లోపలికి సర్ది, లైటార్పి,
గల్ల లెక్క చూసి, అందర్ని పంపిచ్చి
ఆఖరికి దించుతం.
ఇంగ్లీషుల మనిషి అడుగు వెట్టంగనే
షట్టర్ దించాలె;
సామాను ఎనుకనుంచి ఒక్కొక్కటి వచ్చి
దాని ముంగట నిలబడుతది.

ఇది చెప్తె టీచర్ కండ్లద్దాలు తీసి
చాన సేపు నవ్వింది.
“ఈ ఒక్క మాట కోసం ముప్పై ఏళ్లు
బోర్డు మీద బాణాలు గీశాను” అని
నా షట్టర్‌ను తన డైరీల రాసుకున్నది.
గా నెల ఫీజు ఆమెనే నాకియ్యాలె అనిపించింది.

నిన్న మల్ల కోయంబత్తూరు ఫోను.
గుండె వాల్వు రెక్క లెక్క టకటక.
‘ఐ’ అన్న.
షట్టర్ దించిన: ‘డిడ్ నాట్ రిసీవ్.’
ఎనుకనుంచి గ్యాస్కెట్లు నడిచొచ్చినయ్,
వాటెంక బిల్లు నంబరు, తారీఖు.
అవుతల కొంచెం సేపు సప్పుడు లేదు.
తర్వాత ఆయన గూడ తడుముకుంట
తన తమిళం మీదికెళ్లి ఇంగ్లీషుల దిగిండు:
‘యెస్టర్‌డే ఓన్లీ సెండింగ్, సార్.’

చెయ్యి తనంతల తానే ఖాతా బుక్కు మీదికి పోయింది.
ఎడమ దిక్కు రాయబోయి ఆగిన.
ఈ బాకీ నాది గాదు.
‘ఓకే సార్’ అన్న,
మెల్లగ,
ఆయనకు అందేటట్టు.