ఒక చుట్ట దూరము

బైండింగుకని ఇచ్చి మళ్ళీ రాలేదా మనిషి.
రసీదు మీద పేరు చెరిగిపోయింది,
అడ్వాన్సు రెండు రూపాయలన్న అంకె మాత్రం మిగిలింది.
విజయనగరంలో గంటస్తంభం వెనక
నా కొట్టు అటక మీద పదకొండేళ్ళు పడుకుంది
కొండదారులు చెప్పే చిన్న పొత్తం.
చొక్కా జేబులో పట్టేలా కోయించాడు
రాసినవాడు, డ్రిల్లు మేష్టారు కోరాడ సింహాద్రప్పడు.

మైదాలో మైలుతుత్తం కలిపి ఉడకేసి
మొన్న దానికి వెన్ను కట్టాను.
వెన్ను వచ్చాక ఇంకా పడుకోబెడితే పాపం కదా,
ఆదివారం పొద్దున్నే పలాస పాసింజరెక్కించాను.

"మందస రోడ్డున దిగవలెను. బండికి ఆరణాలు.
అంతకు మించి అడిగినచో నడిచిపోవుట ఉత్తమము."
ఆటో అబ్బాయి రెండొందలన్నాడు.
మేష్టారి మాట జవదాటలేదు నేను.

మైళ్ళూ ఫర్లాంగులూ ఎక్కడా ఉండవు ఈయన దగ్గర.
"వాగు దాటిన పిదప ఒక చుట్ట దూరము.
గాలి ఉన్నచో చుట్టన్నర."
నాకా, చుట్ట అలవాటు లేదు.
తోటలో రాలిన జీడిపళ్ళు ఏరుకుని
చీకుతూ నడిచి, కొత్త కొలత కట్టాను:
చుట్టకి నాలుగు పళ్ళు.
ఒగరుకి గొంతు పట్టేసింది గానీ
లెక్క తప్పలేదు.

పేజీల అంచుల్లో బూడిదరంగు పెన్సిలు,
ఆ రాని మనిషిదే.
"చింతచెట్టు వద్ద ఎడమకు తిరుగవలెను," అచ్చు.
"తప్పు. కుడికి. మోకాలు చెక్కుకుపోయింది," పెన్సిలు.
చెట్టు లేదు. మొద్దయినా లేదు.
ఉన్నచోట సెల్ టవరు.
ఇద్దరు పెద్దమనుషుల తగువులో
మంచినీళ్ళ చెంబు పట్టుకున్న కుర్రాడిలా
నడిమధ్యన నిలబడ్డాను.

కట్టెల మోపుతో దిగుతూ సవర సుక్కమ్మ ఆగింది.
"ఏటి బావూ, సదువుకోడానికి
ఇంత ఎండలోకొచ్చినావా?"
ఏనుగుతల కొండ ఎటని అడిగాను.
నవ్వితే మోపు కూడా ఊగింది.
"కిందనుంచి సూసినోడెవడో పెట్టుంటాడు ఆ పేరు.
మాకది తల కాదు, ఈపు."
మరి దారో?
"రెండూ ఎల్తాయి. కుడిది మనుసులకి, ఎడందేమో మేకలకి."
మేష్టారు ఎడమకి పొమ్మన్నారే అంటే
ఒక్క క్షణం ఆలోచించింది.
"దప్పికేసుంటాది."

ఎడమకే వెళ్ళాను.
మోకాలు నాకూ చెక్కుకుపోయింది.
రెండు బండల సందున, ఎవరో ఎప్పుడో దూర్చిన
వెదురుబద్ద కొసన, చిటికెనవేలంత ధార.
"ఇచట జలము మిక్కిలి చల్లన.
ఆకుదొన్నెతో త్రాగవలెను. తొందర కూడదు."
ఆ వాక్యం పక్కన పెన్సిలు ఏమీ అనలేదు.
కానీ అంచుమీద బొటనవేలంత ఊదా మరక!
తడి తగిలితే రంగు తిరిగే పాతకాలం పెన్సిలది.
అంటే
మళ్ళీ వచ్చాడన్నమాట, ఈసారి ఎడమకి.
తాగాడు. తడిచేత్తో పుస్తకం పట్టుకున్నాడు.
వెనక్కి తిప్పి "తప్పు" కొట్టెయ్యడానికి మాత్రం
మనసొప్పలేదు మహానుభావుడికి.

పైన గాలి, గాలి, చుట్ట వెలగనంత గాలి.
ముప్పయ్యొకటో పేజీలో బయల్దేరిన చెదపురుగు
ఏ మలుపూ తిరక్కుండా, ఎవర్నీ దారి అడక్కుండా
మూడు కొండలు తొలుచుకుని
నలభై ఏడులో పైకి తేలింది.
"శిఖరమున నిలిచి తూర్పునకు చూడగా"
ఆ తర్వాత కంత.
పేజీ ఎత్తి పట్టుకున్నాను.
కంతలో కందిగింజంత సముద్రం.

దిగేసరికి పాసింజరు వెళ్ళిపోయింది.
ప్లాట్‌ఫారం బల్ల మీద పుస్తకం విప్పి
"తప్పు" కింద బాల్‌పెన్నుతో రాశాను:
ఎండాకాలమైతే ఎడమకి.
జీడిపళ్ళు నాలుగు. పరగడుపున వద్దు.

రసీదు ఆ పేజీలోనే ఉంచాను.
పని పూర్తయింది బాబూ,
మిగతా డబ్బులు అడగను,
ఒకసారి కొట్టుకి రండి.
మోకాళ్ళు చూసుకుందాం.