నలభై ఏడో పేజీ

ఉస్మానియా దవాఖానలో అమ్మ డ్యూటీ దిగేది ఆరింటికి.
బడి నాలుగింటికే వదిలేది.
ఆ రెండు గంటలు నన్ను ఎక్కడ పెట్టాలో తెలీక
అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో పెట్టింది,
తడిసిన గొడుగును ఓ మూల నిలబెట్టినట్టు.

ఆ రోజు పిల్లల గదికి సున్నం వేస్తున్నారు.
పెద్దవాళ్ల బీరువాల మధ్య
చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగాను.
కింది అరలో, గోడ చెమ్మ తాకేచోట,
అట్ట ఊడిన పుస్తకం ఒకటి
నిలువునా కోసిన ఉమ్మెత్తపువ్వు దగ్గర తెరుచుకుంది.

పువ్వు కాదు.
ధ్వనివర్ధకము, అని రాసుంది కింద.

అనువాదకుడెవరో మహా పట్టుదల మనిషి.
వాయిస్ కాయిల్‌ని కంఠచుట్ట అన్నాడు.
నాకు అప్పటికి మా తాత నోట్లో చుట్ట ఒక్కటే తెలుసు.
తాత దగ్గినప్పుడల్లా
ఛాతీ ముందుకొచ్చి వెనక్కి పోయేది.
కాగితపు శంఖువూ అట్లనే పనిచేస్తుందట.
అది వెంటనే అర్థమైంది.
ఇంత పల్చటి కాగితం వణికితే
ఇంత పెద్ద ఊరు తలెత్తి చూడటం మాత్రం
ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

నలభై ఆరో పేజీ చివర
"ఇక పెట్టె కొలతలు చూతము" అని ఉంది.
తర్వాత నలభై తొమ్మిది.
మధ్య కాగితాన్ని ఎవరో బ్లేడుతో
కుట్టు దాకా నీటుగా కోసుకుపోయారు.

కౌంటర్లో సులోచనాబాయి గారు అద్దాలు పైకి జరిపి చూశారు.
"పనికొచ్చేదే అయ్యుంటది" అన్నారు,
"పనికిరానివి ఎవరూ కొయ్యరు."

గుజరాతీ గల్లీలో ఖుద్దూస్ భాయ్
చచ్చిన రేడియోలోంచి తీసిన నాలుగంగుళాల స్పీకర్‌కి
టార్చి సెల్లు ముట్టించాడు.
టప్.
"జిందా హై బేటీ."
రెండు రూపాయలు.

పెట్టె కొలతలు తెలీవు కాబట్టి
నడి ఎండాకాలంలో
మంచినీళ్ల కుండ మూతికి దాన్ని బిగించాను.
ఏడింటి వార్తలు చదివే ఆయనకు
అంతవరకూ మా ఇంట్లో ముక్కు మాత్రమే ఉండేది.
ఆ సాయంత్రం ఛాతీ వచ్చింది.
తిట్టడానికొచ్చిన అమ్మ
బియ్యం చేట పట్టుకుని అట్లాగే నిలబడి
"ఈయన లావు మనిషా?" అని అడిగింది.

తర్వాతి నలభై ఏళ్లకు ఒక్క మాట చాలు: జిగురు.
మండపం హారన్లు, మసీదు హారన్లు,
పెళ్లి బ్యాండ్ల డబ్బాలు,
సినిమా హాలు మూసేసి తూకానికి అమ్మిన పదిహేనంగుళాలవి,
అన్నీ నా బల్ల మీద బోర్లా పడుకుని
ఒకే డబ్బాలో జిగురు తాగాయి.
చీటీ కట్టకపోతే ఏది ఎవరిదో నేనూ చెప్పలేను.
నా వేళ్లకిప్పుడు ముద్రలు లేవు.
రేషన్ షాపు మిషన్ నన్ను నేనని ఒప్పుకోదు.

మొన్నొక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద
అదే ఉమ్మెత్తపువ్వు.
యాభై అన్నాడు, ముప్పైకి ఇచ్చాడు.
మూసిన షట్టర్ ముందు మెట్టు మీద కూచుని
నలభై ఏడు తెరిచాను.

కొలతలున్నాయి.
పన్నెండంగుళాల స్పీకర్‌కి. టేకు పెట్టె.
నా నాలుగంగుళాల దానికి
అందులో ఒక్క పంక్తీ పనికిరాదు.
గట్టిగా నవ్వినట్టున్నాను,
బెల్టులమ్మే పిల్లాడు కొంచెం దూరం జరిగాడు.

జిరాక్స్ తీయించి లైబ్రరీకి పోయాను, అతికిద్దామని.
జిగురు ఎట్లాగూ సంచిలోనే ఉంటుంది.
ఆ బీరువా ఉన్నచోట
టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టుకుని
గ్రూప్స్‌కి చదివే పిల్లలు.
రిజిస్టర్లో నా పుస్తకం మీద ఎర్రగీత.

శంఖువు నడిమధ్య, కంఠచుట్టలో దుమ్ము పడకుండా,
చిన్న కాగితం టోపీ ఉంటుంది.
ఇవాళ బల్ల మీదున్న దానికి అది చినిగిపోయింది.
జిరాక్సు కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి గీసి
గుండ్రంగా కత్తిరించి అతికించాను.
"లోతు పద" వరకే కనిపిస్తోంది.

ఆరాలి.
రాత్రంతా పడుతుంది.
పొద్దున సెల్లు ముట్టిస్తాను.