ధర్మకాంట మీద పాలపిట్ట

రాత్రి రెండింటికి బేగంపేటలో
నేను కోడిపిల్లల్ని తూచేవాణ్ణి.
వంద పిల్లల అట్టపెట్టె నాలుగు కిలోల చిల్లర.
కిచకిచకు బరువు లేదు,
కాగితంలో దానికి గడీ లేదు.
గౌహతి దాకా ఆ గోల మోసిన కెప్టెన్ రోడ్రిగ్స్
దిగాక కూడా టీ కొట్టు దగ్గర
అరిచి మాట్లాడేవాడట.

పాలపిట్ట ఎయిర్ కార్గో. ఉన్నవి రెండు విమానాలు.
పెట్టింది మోత్కూరి వీరేశం సేటు,
ఉస్మాన్‌గంజ్‌లో నలభై లారీల ఆసామి.
"రోడ్డు మీద గుంతలున్నయి, పైన లెవ్వు గదరా" అన్నాడు.
ఆయన ప్రాజెక్టు రిపోర్టు అంతే.
తోక మీద నీలిరెక్కల పిట్టను వేయించాడు,
దసరా నాడు కనబడితే మంచిదని.
ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టించి
జరిమానా కట్టాడు,
రసీదును వెంకన్న పటం వెనక దాచాడు.

లారీకి బరువు ఎంతో తెలిస్తే చాలు సేటూ,
విమానానికి బరువు ఎక్కడుందో కూడా తెలియాలి,
అని నేర్పింది నేనే.
రంజాన్ నెలలో హలీం డేగిసాలు రెక్కల నడుమన,
టీకాల ఐసు పెట్టెలు తలుపు పక్కన,
లాడ్ బజార్ గాజులు అన్నిటికన్నా పైన.
గౌస్, శివరాంపల్లి జంగయ్య
చీకట్లో కూడా నా గీత దాటేవాళ్ళు కాదు.

ఒకసారి ఒక శవపేటిక వచ్చింది.
నూట పన్నెండు కిలోలు.
వెంట వచ్చిన తమ్ముడు ముల్లు వంక చూసి
"మా అన్న అరవై కూడా లేడు సార్" అన్నాడు.
చెక్క బరువు, ఐసు బరువు అని చెప్పబోయాను.
చెప్పలేదు.
ఆ రాత్రి డబ్బు కట్టించుకున్నది మాత్రం
నూట పన్నెండుకే.

తర్వాత ఎయిర్‌పోర్టు ఒక్క రాత్రిలో
శంషాబాద్‌కు లేచిపోయింది.
నూనె ధర రోజూ పలక మీద రాసేవాణ్ణి,
చివరికి సుద్దముక్క కూడా సేటు లెక్కలోకి వచ్చింది.
లారీలు ఒక్కొక్కటే అమ్మి
విమానానికి పోశాడు,
నేల మీది బండ్లు తాగి
గాల్లో బండి బతికింది కొన్నాళ్ళు.
మూడో నెల జీతానికి బదులు
ఎవరూ విడిపించుకోని గాజుల పెట్టెలు పంచారు.
మా ఆవిడ వాటిని తొడుక్కోలేదు.
అమ్మనూ లేదు.

మొదటి విమానాన్ని అద్దెకిచ్చినవాళ్ళు తోలుకుపోయారు.
రెండోది రన్‌వే చివర గడ్డిలో
తొమ్మిది వానాకాలాలు నిలబడింది.
సేటు పోయిన కబురు
నాకు కూరగాయల బండి దగ్గర తెలిసింది.

మొన్న బ్యాంకువాళ్ళు సాక్షిగా పిలిచారు.
కాటేదాన్‌లో ధర్మకాంట మీద
లారీ ఎక్కిన పాలపిట్ట.
రెక్కలు వెనక ఇంకో బండిలో,
తోక రేకుల షెడ్డుకు ఆనించి.
పిట్ట ముక్కు ఒక్కటే వెలిసిపోలేదు.
జంగయ్య చెప్పులు విడిచి
దానికి దండం పెట్టాడు,
ఎవరైనా చూశారా అని ఇటూ అటూ చూశాడు.

ఖాళీ బరువు నాకు నోటికి వచ్చు,
కొడుకు పుట్టిన తేదీ తడబడతాను గానీ.
ఇంజన్లు, రెక్కలు, చక్రాలు, తోక
ఒక్కొక్కటే తీసేస్తూ
రాత్రంతా కూర్చుని కట్టిన లెక్క:
ఐదు వేల ఎనిమిది వందల కిలోలు.
కాంటా ఎర్రంకెలు కాసేపు వణికి ఆగాయి.
ఎనభై ఎక్కువ.

"వాన నీళ్ళు నిలిచినయేమో" అన్నాడు కాంటా పిల్లగాడు.
గౌస్ మోకాళ్ళు పట్టుకుని లోపలికి ఎక్కాడు,
ఈ గోడా ఆ గోడా తట్టుకుంటూ
చివరి దాకా నడిచిన చప్పుడు.
దిగి అరచేయి చూపించాడు.
"సూఖా ఉంది భాయ్. ఏం లేదు."
అరచేతిలో పసుప్పచ్చ నూగు, ఇంత.

పాత తుక్కువాడు తొందర పెడుతున్నాడు.
వెనక రెండు లారీలు హారన్ కొడుతున్నాయి.
కాగితం మీద సంతకం పెట్టాను.
తేడా అని ఒక గడి ఉంది అందులో.
దాన్ని అలాగే వదిలేశాను.