పదకొండుకూ పన్నెండుకూ మధ్య

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజున
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాడు వదిలి నేరుగా రాత్రిబడికి వస్తారు వీళ్ళు:
పీతల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, ఇద్దరు లారీ డ్రైవర్లు,
కూర్చోగానే కునికే గోదాం కాపలాదారు.

ఇవాళ్టి కథ రెండు పేజీలు.
ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, రాత్రి భోజనం.
అంతే. ఏమీ జరగదు.
బోర్డు మీద నా ప్రశ్న:
ఈమె పరిస్థితి ఏమిటి? కథలోంచి రుజువు చూపండి.

"రుజువా! పోలీసులూ ఇదే అడిగారు టీచర్,"
అన్నాడు ఎలెవుతేరియో.
అతని లెక్కలో ఆమె కలిగిన మనిషి.
సముద్రం కనబడే కిటికీ ఉందిగా, నాలుగో వాక్యం,
అలాంటి గదికి అద్దె ఎంతో కనుక్కోండి!
అందరూ నవ్వారు. నేను మార్కు వేశాను,
వాక్యం సంఖ్య చెప్పాడు మరి.

ఒకరు కోటు పట్టుకున్నారు:
మూడు గుండీలు, మూడు రంగులు. ఏడు.
ఒకరు టీ ఆకు:
వాడేసింది కిటికీ గట్టున ఆరబెట్టింది. తొమ్మిది.
"వాడేసింది ఆరబెట్టడం ఎందుకు?"
అడిగింది పంతొమ్మిదేళ్ళ యాస్నా.
ఎవరూ బదులు పలకలేదు.
తెలియక కాదు.

చివరి బెంచీలో నెలిదా బర్రియెంతోస్,
వేళ్ళ నిండా పీతముళ్ళు గీసిన గీతలు.
ఆమె కాగితం మీద రెండే మాటలు:
ఆమె తినలేదు.

ఏ వాక్యం? అని ఎర్రసిరాతో రాసి
అరమార్కు వేసి ఇచ్చేశాను.

నా బల్ల దగ్గరికి వచ్చింది, పుస్తకం తెరిచి.
"పదకొండులో ముగ్గురూ కూర్చున్నారు.
పన్నెండులో ఆమె రెండు పళ్ళేలు కడిగింది.
ఆ మధ్యలో చూడండి."

చూశాను.
మధ్యలో తెల్లకాగితం, ఒక చుక్క.
తొమ్మిదేళ్ళుగా చెబుతున్న కథ ఇది.
అంతకుముందు కాలేజీలో పరీక్ష కూడా రాశాను దీని మీద,
మంచి మార్కులే వచ్చాయి.
ఆ రెండు పళ్ళేలను ఎన్నిసార్లు దాటి వెళ్ళానో.

నీకెలా తెలిసింది, అని అడగబోయి
నోరు మూసుకున్నాను.
దానికి రుజువు కథలో ఉండదు.

అర కొట్టేసి ఒకటి వేస్తుంటే
కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది:
"మరి, వాక్యం సంఖ్య ఏం రాయను?"
"పదకొండున్నర," అన్నాను.
నవ్వుతుందనుకున్నాను.
పెన్సిల్ నాలికకు అద్ది
గుండ్రంగా, నెమ్మదిగా, పదకొండున్నర అని రాసుకుంది.

గంట కొట్టారు. కాపలాదారుకి మెలకువ వచ్చింది.
"ఏమైంది కథలో?"
"ఏముంది, భోంచేసి పడుకున్నారు,"
అన్నాడు ఎలెవుతేరియో, టోపీ వెతుక్కుంటూ.

"ఇద్దరు,"
అంది నెలిదా,
కోటు గుండీలు పెట్టుకుంటూ.