కాగితంలో ముప్పై ఏళ్ల ఆమె

నీళ్ల బిందె ఎత్తితే చెయ్యి విరిగింది.
పడలేదు, జారలేదు, ఎవరూ తొయ్యలేదు.
నిండు బిందె కూడా కాదు, ముప్పాతిక.
ఎండుపుల్ల విరిగినంత చప్పుడు, అంతే.
కట్టు కట్టిన పిల్లోడు
"ఇది చేతి సంగతి గాదు పెద్దమ్మా" అని
కడపకు పొమ్మని చీటీ రాసిచ్చినాడు.

ఎర్రగుంట్లలో పొద్దున బస్సెక్కి
ఏడు రోడ్ల కాడ దిగి
స్కానింగు సెంటరులో వెల్లకిలా పండుకున్నా.
మిషను చెయ్యి నా మీదుగా
నిదానంగా పోయింది, నిదానంగా వచ్చింది.
తాకలేదు. తట్టలేదు.
తట్టకుండా ఏం తెలుస్తాదని నవ్వొచ్చింది నాకు.

ఇరవై ఆరేండ్లు రాళ్లు తట్టినదాన్ని.
పాలీషు మిషను ఎక్కకముందే
ప్రతి నాపబండనూ సుత్తి మొనతో ఒకసారి పలకరించేదాన్ని.
ఖంగుమంటే గట్టిది, లారీకి.
బొద్దుగా పలికితే లోపల గీటుంది, పక్కకు.
చూసేదానికి రెండూ ఒకటే నలుపు.
"దస్తగిరమ్మ చెవిలో ఎక్స్‌రే ఉంది" అనేవాడు మేస్త్రీ ఓబులేసు,
కూలి మాత్రం అందరితో సమానంగానే ఇస్తా.

సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది.
నడుము, మైనస్ మూడు పాయింట్ రెండు.
తొడ మెడ, మైనస్ రెండు పాయింట్ ఆరు.
మైనస్ అంటే నాకు తెలిసింది అప్పే.
"ఎవురికి బాకీ తల్లీ?" అని అడిగినా.
డాక్టరమ్మ నవ్వలేదు.
"ముప్పై ఏళ్ల ఆరోగ్యమైన ఆడమనిషి ఎముక పక్కన
నీ ఎముకను పెట్టి చూసిన లెక్క ఇది.
ఆమె సున్నా.
మైనస్ రెండున్నర కాడికి దిగితే గుల్లబారినట్టు."

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుంది
ఆ ముప్పై ఏళ్లామె.
ఏ ఊరో. ఏం తిన్నదో.
పాలు తాగి పెరిగిందో, పాలు అమ్మి పెరిగిందో.
నా ముప్పైలో నేను
మూడోదాన్ని కడుపులో పెట్టుకొని
లారీ మీదికి బండలు అందించినా.
అప్పుడు నన్నెవరూ కొలవలేదు.
ఆ సున్నా కాడ నేనెప్పుడన్నా నిలబడినానా,
మొదలే రెండు మెట్లు కింద పుట్టినానా,
కాగితంలో దానికి గడి లేదు.

కింద ఇంకో అంకె, మైనస్ ఒకటి పాయింట్ ఒకటి.
అది నా వయసోళ్లతో పోలికంట.
ఓహో, అందరమూ దిగినోళ్లమే,
నేను ఇంకో మెట్టు ఎక్కువ.
కుళ్లాయమ్మ గుర్తొచ్చింది.
ఏడాదికి ఇంత పొట్టిదై
ఆఖరికి తన తలుపు గొళ్లెం తనకందక
కోడల్ని కేకేసేది.
వయసన్నాం.
అది అంకె ఉన్న రోగమని ఎవరికి తెలుసు!

రెండేండ్లు.
ఆదివారం ఆదివారం మాత్ర, పరగడుపున,
గ్లాసు నిండా నీళ్లు.
అరగంట నడుము వాల్చగూడదు.
నేను కూర్చోను గూడా,
వాకిట్లో బండల కంచె పట్టుకొని నిలబడతా.
అందులో సగం నేను పక్కకు తోసిన రాళ్లే,
గీటున్నవని ఫ్యాక్టరీ వద్దంటే
బండి మీద ఇంటికి తెచ్చుకున్నవి.

మొన్న మళ్లీ పోయినా.
అదే సెంటరు, అదే మిషను,
మిషను మారితే లెక్క కలవదంట.
నడుము, మైనస్ మూడు.
"పాయింట్ రెండు పెరిగింది జేజీ!" అని రిజ్వాన ఎగిరింది.
డాక్టరమ్మ పెన్ను తిప్పుతా అనింది,
"అంత చిన్న తేడా మిషను వణుకైనా కావొచ్చు.
తగ్గలేదు. ఇప్పటికి అది చాలు."

రిజ్వాన మొగం వాడింది. నాకు వాడలేదు.
ఫ్యాక్టరీ గేటు కాడి వే బ్రిడ్జి
డ్రైవరు దిగితే ఒక మాట, దిగకుంటే ఒక మాట చెప్పేది.
టన్నుల కాడ నమ్మేవాళ్లం,
కిలోల కాడ కొట్లాడేవాళ్లం కాదు.

ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా
మోకాలి కింది ఎముకను వేలి కణుపుతో తట్టినా.
ఏమీ పలకలేదు.
కంచెలో మూడో బండను తట్టినా.
బొద్దుగా పలికింది, ఎప్పటి మాదిరే.
దాని మీదనే రిజ్వాన తడి దుప్పటి ఆరేస్తా ఉంది.
"బిందె ముట్టుకోవాకు జేజీ" అనింది
నా దిక్కు చూడకుండానే.

చెంబుతో తెచ్చుకున్నా.
రెండు మార్లు.