నాలుగో గడి

తిరుపతి, బాలాజీ కాలనీ. మిట్టమధ్యాహ్నం.
జెరాక్స్ మిషన్ కూడా వగరుస్తోంది.
విదేశీ చదువుల మీద నా సర్వే,
నాలుగు వందల కాపీలు.

కట్టలు సర్దుతూ రెడ్డిరాణి అడిగింది:
"దీంట్లో నేను యాడొస్తానన్నా?"

కిర్గిజ్‌స్తాన్‌లో ఏడు నెలలు.
ఎముకల పేర్లు సగం నోటికొచ్చాయట,
రెండో ఫీజు కాడ ఆగిపోయింది.

పోయినవాళ్లు, అక్కడే నిలిచినవాళ్లు, పట్టాతో తిరిగొచ్చినవాళ్లు.
మూడే గడులు గీశాను.
సగటు కడితే ఆమె కరిగిపోతుంది
తీసేస్తే లెక్క నున్నగా వస్తుంది

మా గైడు మెచ్చేది ఆ నునుపునే.

పై కాగితం మీద
పెన్నుతో ఇంకో గడి గీశాను, వంకరగా.
చూసి నవ్వింది:
"మిగతా మూడొందల తొంభై తొమ్మిదీ
మళ్లీ కొట్టాల గదన్నా.
పేజీ రూపాయిన్నర."